సుందరమ్మ చెయ్యి తీయలేదు

ఊరి పేరు రాయను. మాచవరం నుంచి బస్సెక్కితే అరగంట దూరం. అక్కడి హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. బదిలీకి ఇంకా రెండేళ్ళుంది, ఆ రెండేళ్ళూ ఆ ఊళ్ళోనే బతకాలి. మేజర్ సుందరమ్మ గురించి రాస్తూ ఈ మాటతో మొదలుపెట్టాల్సి రావడం సిగ్గుగానే ఉంది.

ఆమెను ఊళ్ళో ఎవరూ మేజర్ అనరు. పెద్దవాళ్ళకు నర్సు సుందరం, చిన్నవాళ్ళకు నర్సక్క. పద్నాలుగేళ్ళు సైన్యంలో పనిచేసిందనీ, కార్గిల్ యుద్ధమప్పుడు శ్రీనగర్‌లో ఉందనీ అందరికీ తెలుసు. కానీ ఆ మాటకి ఊళ్ళో పెద్ద విలువేమీ లేదు.

తండ్రి బాలకోటయ్య పత్తి, మిరప వేసే రైతు. సుందరమ్మకు ఒక అన్న, లక్ష్మీనారాయణ. ఆమె ఇంటర్ చదువుతుండగా తల్లికి గుంటూరులో ఆపరేషన్ జరిగింది. పక్కన ఉండటానికి ఈమె వెళ్ళింది. ఆ వార్డులో ఒక స్టాఫ్ నర్సు, పొద్దున రౌండ్సుకు ఆలస్యంగా వచ్చిన కుర్ర డాక్టర్ని నిలబెట్టి కేకలేసిందట. ఆయన తలొంచుకుని విన్నాడట. "మగాడు నోరు మూసుకుని ఆడమనిషి మాట వినటం నేను అదే మొదలు చూట్టం మాస్టారూ. ఇదేదో బాగుందే అనిపించింది" అని నాతో చెప్పింది. సేవ, దయ లాంటి మాటలు ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

నర్సింగ్‌లో చేరతానంటే బాలకోటయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. "పరాయి మగాళ్ళ పుండ్లు కడిగే పనికి నా కూతురు పోద్దా? రేపు సంబంధాలోళ్ళు అడిగితే ఏం చెప్పాలంట?" అన్నాడు. కూతురూ రెండు రోజులు తినలేదు. మూడో రోజు తల్లి ఆమె బట్టలు సర్ది బస్సెక్కించింది.

గుంటూరులో చదువు ముగిసినాక మిలటరీ నర్సింగ్ సర్వీసుకు పరీక్ష రాసి, తొంభై అయిదులో లెఫ్టినెంట్‌గా చేరింది. భుజం మీద నక్షత్రాలున్న ఫోటో ఇంటికి పంపింది. బాలకోటయ్య దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అమ్మాయి ఏం చేస్తోందని అడిగినవాళ్ళకు, మిలటరీ ఆఫీసులో గుమాస్తా అని చెప్పాడు. చనిపోయేదాకా అదే చెప్పాడు.

యుద్ధం వచ్చేసరికి ఆమెకు ఇరవై ఏడేళ్ళు. శ్రీనగర్‌లోని సైనిక ఆసుపత్రిలో సర్జికల్ వార్డు ఆమెది. మే నెలలో హెలికాప్టర్లు ఒకటీ అరా వచ్చేవి. జూన్ వచ్చేసరికి చప్పుడు ఆగితేనే కొత్తగా అనిపించేదట.

"మీరు ముందు చేసే పనేంటి?" అని అడిగాను.

"బూట్లు కత్తిరించటం" అంది.

కొండల మీద రోజుల తరబడి మంచులో ఉన్న కాళ్ళు వాచిపోయి బూటులోంచి ఊడిరావు. పెద్ద కత్తెరతో బూటు చీలమండ దగ్గర నుంచి వేళ్ళదాకా కోయాలి. మేజోడుతో పాటు చర్మం వస్తుందో, వేళ్ళే వస్తాయో అప్పటిదాకా తెలియదు. ఆ పని అయినాకే గాయం సంగతి. మూడు వారాలకు ఆమె బొటనవేలి దగ్గర కత్తెర ఒరిసి పుండు పడింది. దాని మచ్చ ఇప్పటికీ ఉంది. పతకాల్లాంటివి ఏవైనా ఉన్నాయా అంటే ఆ మచ్చే చూపించింది.

ఒక జవానుకు, ఉత్తరాదిన కుమావూ కొండల కుర్రాడికి, రెండు చేతులూ మోచేతుల దాకా పోయాయి. స్పృహ వచ్చిన రెండో రోజు ఇంటికి ఉత్తరం రాసిపెట్టమన్నాడు. ఆమె కాగితం తీసుకుని కూర్చుంది. వేలికి చిన్న దెబ్బ తగిలింది, అందుకే సిస్టర్ చేత రాయిస్తున్నాను అని రాయమన్నాడు. ఆమె కలం ఆగింది. రాయండి సిస్టర్, మా అమ్మ గుండె మంచిది కాదు అన్నాడు. రాసింది. అట్లాంటి ఉత్తరాలు ఆ రెండు నెలల్లో ఎన్ని రాసిందో ఆమెకే గుర్తు లేదు. "నాకు హిందీ రాయటం సరిగ్గా వచ్చింది అబద్ధాలతోనే" అంది.

ఇంకొక సంగతి చెప్పడానికి చాలాసేపు తటపటాయించింది. గాయపడి పట్టుబడ్డ శత్రు సైనికుడొకణ్ణి ఆ వార్డు చివరి గదికి తెచ్చారు. బయట ఇద్దరు కాపలా. పంతొమ్మిదేళ్ళ మన కుర్రాడొకడు ఆ పొద్దునే ఆమె చేతుల మీద పోయాడు. చివరి గదిలో డ్రెస్సింగ్ మార్చాల్సిన టైము దాటింది. ఆమె వెళ్ళలేదు. ఫైళ్ళు సర్దింది, ట్రేలు తుడిచింది, రెండు గంటలు గడిపింది. మేట్రన్ వచ్చి చూసి, ఎందుకు ఆలస్యమైందని మాత్రం అడిగింది. జవాబు కోసం ఆగకుండా తనే ట్రే పట్టుకుని లోపలికి నడిచింది. సుందరమ్మ వెనకే పోయింది. కట్టు విప్పితే చీము. అతను పళ్ళు బిగించి గోడ వైపు చూస్తున్నాడు. నీళ్ళు అడగడానికి కూడా భయపడుతున్నాడు.

"నా సర్వీసంతటికీ నేను చేసిన తప్పు అదొక్కటే. ఎవురూ ఛార్జిషీటు ఇయ్యలేదు. ఇస్తే బాగుండేది" అంది.

ఆ అక్టోబరులో సెలవు మీద ఇంటికొచ్చింది. యూనిఫాంలోనే బస్సు దిగి ఊళ్ళోకి నడిచింది. అరుగు మీద నలుగురితో కూర్చున్న బాలకోటయ్య లేచి లోపలికి పోయాడు. వెనకాలే వెళ్ళిన కూతురితో, "ఆ గుడ్డలిప్పి చీర కట్టుకో. గుమాస్తాకి ఆ టోపీ ఏందని అడుగుతారు" అన్నాడు. యుద్ధం ఎట్లా జరిగిందని ఎవరూ అడగలేదు. వదిన మాత్రం ఒళ్ళో ఏడాది పిల్లవాణ్ణి పెట్టింది. వాడు సాయి కిరణ్. సెలవంతా ఆమె వాడితోనే గడిపింది.

పెళ్ళి సంబంధాలు రెండు వచ్చి పోయాయి. ఒకాయన, మగవాళ్ళ వార్డా ఆడవాళ్ళ వార్డా అని అడిగాడు. మగవాళ్ళదంటే మళ్ళీ కబురు లేదు. రెండోవాళ్ళు ఆ మాత్రం కూడా అడగలేదు. బాలకోటయ్య పోయినాక, ఉద్యోగం ఉన్నదానివి నీకెందుకని అన్న అంటే, రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి పొలంలో తన వాటా వదులుకుంటూ సంతకం పెట్టింది. పాత పశువులపాక ఉన్న జాగా మాత్రం ఉంచుకుంది.

గడువు కట్టిన షార్ట్ సర్వీసు ఉద్యోగం కాబట్టి పద్నాలుగేళ్ళకు మేజర్ హోదాలో బయటికి పంపారు. పింఛను లేదు. హైదరాబాద్‌లో కొన్నేళ్ళు పనిచేసింది. సాయి కిరణ్‌కు ఇంటర్‌లో మెదడువాపు జ్వరం వస్తే ఉద్యోగానికి సెలవు పెట్టి, తొమ్మిది రోజులు వాడి మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. రెండేళ్ళ తరవాత ఆ ఉద్యోగమూ మానుకుని, పాక జాగాలో రెండు గదులు వేసుకుని ఊరికి వచ్చేసింది. ఎందుకొచ్చారంటే, "ఇరవయ్యేళ్ళు హిందీలో కేకలేసీ కేకలేసీ విసుగొచ్చింది. తెలుగులో తిట్టించుకుందామని వచ్చా" అని నవ్వింది.

ఊరు ఆమెను బాగానే వాడుకుంది. సూదులు, కట్లు, పాముకాట్లు, పురుగులమందు తాగినవాళ్ళు. అర్థం లేని పార్టీ తగాదాల్లో తలలు పగిలినవాళ్ళకు కూడా కుట్లకు పంపేముందు ఆమే కట్టు కట్టేది. లక్ష్మీనారాయణ ఒక పార్టీకి ఊరి నాయకుడు. రెండో పార్టీకి త్రికోటేశ్వరరావు. ఇద్దరిదీ ఒకటే కులం, ఇద్దరి పొలాలకూ ఒకటే గట్టు.

నాలుగేళ్ళ కిందట పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఫిబ్రవరి, కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. సర్పంచి పదవికి ఇద్దరి భార్యలూ నిలబడ్డారు. మధ్యాహ్నం పోలింగు ముగిసే వేళకు మా స్కూలు గేటు దగ్గర గొడవ మొదలైంది. నేను ఎన్నికల డ్యూటీ మీద ఇంకో ఊళ్ళో ఉన్నాను. ఇక్కడ రాసేది ఆమె చెప్పిందీ, చూసినవాళ్ళు నాకు చాటుగా చెప్పిందీ.

లక్ష్మీనారాయణ మనుషులు త్రికోటేశ్వరరావును కొట్టుకుంటూ సందులోకి తరిమారు. ఎవరో కొడవలి విసిరారు. తొడ మొదట్లో పడింది. అతను పది గజాలు పరుగెత్తి, సుందరమ్మ ఇంటి ముందు ఆరబోసిన మిరపకాయల మీద పడ్డాడు. ఆమె బయటికొచ్చేసరికి రక్తం చిమ్ముతోంది. అంత పైన తెగితే కట్టుకు చోటుండదు. మోకాళ్ళ మీద కూర్చుని గజ్జలో పిడికిలి గుచ్చి తన బరువంతా మోపింది. చిమ్మడం ఆగింది.

అంబులెన్స్ పక్క ఊళ్ళో గాయపడ్డవాళ్ళ కోసం వెళ్ళి ఉంది. మిరప బస్తాలు మోసే ట్రాలీ ఆటో ఒకటి సందు చివర ఆగి ఉంది. దాని యజమాని ఖాజా మొహిద్దీన్. భయపడి సీటు కింద దాక్కున్నాడు.

"ఖాజా, బస్తాలు తోసెయ్. బండి ఇట్టా తీసుకురా" అని అరిచింది.

"అక్కా, నన్ను సంపుతారక్కా."

"వచ్చే చావు వస్తది. ముందు బండి తే!"

తెచ్చాడు. ఇద్దరు ఆడవాళ్ళు సాయం పట్టారు. పిడికిలి తీయకుండానే అతనితో పాటు ట్రాలీలోకి ఎక్కింది. కారం అంటిన గాయం మండి అతను కేకలు పెడుతుంటే, "అరుచుకో, అరుచుకో, అరిచినంతసేపూ బతికే ఉన్నావు" అంటూ కూర్చుంది.

ఊరి బయట కాలవ వంతెన మీద ఎడ్లబండి అడ్డం పెట్టి పదిహేను మంది నిలబడి ఉన్నారు. ముందు సాయి కిరణ్. చేతిలో ఇనుప రాడ్డు.

"అత్తా, నువ్వు దిగు."

"దారి ఇయ్యరా."

"నీకేంది సంబంధం? వాడు నాన్నని ఏమన్నాడో తెలుసా నీకు? అమ్మనేమన్నాడో తెలుసా?"

"తెలుసు. నా చెయ్యి చూడు. ఇది తీస్తే నాలుగు నిమిషాలు. అంతే వాడి బతుకు."

"అయితే తియ్!"

ఆమె వాడి మొహంలోకి చూసింది. "నువ్వు చెప్పరా. చంపమని నీ నోటితో చెప్పు. తీస్తా."

వాడు చెప్పలేదు. కానీ పక్కకు జరగనూ లేదు. వెనక నుంచి రాళ్ళు పడ్డాయి. ఆటో అద్దం పగిలింది. ఎవడో ట్రాలీ మీదికి ఎగబాకి ఆమె కుడి చేతి మీదికి రాడ్డు ఎత్తాడు. ఆమె ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు విరిగిన చప్పుడు ఖాజాకు ముందు సీట్లోకి వినిపించిందట. కుడి పిడికిలి కదల్లేదు. ఆ చప్పుడుకో, ఆమె కేకకో గుంపు ఒక్క క్షణం వెనక్కి తగ్గింది. ఖాజా ఎడ్లబండి పక్కనుంచి ఆటోను దూకించి పిడుగురాళ్ళ రోడ్డెక్కాడు. ఆసుపత్రిలో డాక్టరు వచ్చి, ఇక తీయొచ్చమ్మా అని రెండుసార్లు చెప్పేదాకా ఆమె చెయ్యి తీయలేదు. వేళ్ళు బిగుసుకుపోయి, ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

త్రికోటేశ్వరరావు బతికాడు. ఖాజా ఆటోను మర్నాడే తగలబెట్టారు.

పోలీసులు వచ్చి వాంగ్మూలం అడిగారు. కొడవలి ఎవరు విసిరారో చూడలేదని చెప్పింది, ఎందుకంటే నిజంగా చూడలేదు. వంతెన మీద ఎవరెవరు ఆపారని అడిగారు. చెప్పింది. ఆ సాయంత్రం లక్ష్మీనారాయణ ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమే, పోలీసులకి మావాడి పేరు చెప్పావంట?"

"అడిగారు, చెప్పాను."

"చూళ్ళేదని చెప్తే నీ సొమ్మేం పోయిద్ది?"

"చూశాను గదా అన్నా."

"ఎత్తుకుని పెంచినోణ్ణి జైలుకి పంపిస్తావా? నువ్వు ఆడదానివేనా అసలు?"

అతను పోతూ పోతూ కుళాయి గొట్టం విరగ్గొట్టి పోయాడు. ఆ తరవాత అన్న పార్టీవాళ్ళు సూదికి కూడా రావడం మానేశారు. రెండో పార్టీవాళ్ళు వచ్చారు, పొగిడారు, ఫోటోలు దిగారు. ఎడమ మణికట్టు వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో సెలైన్ సూది పట్టడం ఇక కుదరదని తేలింది.

సాయి కిరణ్ మీదా, అతనితో వంతెన మీద ఉన్నవాళ్ళ మీదా పెట్టిన కేసు గురజాల కోర్టులో మూడేళ్ళు నలిగింది. ఆ లోపల రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, ఊళ్ళో లెక్కలూ మారాయి. లక్ష్మీనారాయణ త్రికోటేశ్వరరావు పార్టీలోకి వచ్చి చేరాడు. ఒకే స్టేజీ మీద ఇద్దరికీ ఒకే గజమాల వేశారు. వారం రోజులు ఊరంతా ఆ ఫ్లెక్సీలే.

విచారణ రోజు త్రికోటేశ్వరరావు బోనెక్కి, ట్రాక్టరు మీంచి జారిపడితే నాగలి కర్రు తొడకు గుచ్చుకుందని చెప్పాడు. ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళారని అడిగితే, "స్పృహలో లేను సార్, తెలవదు" అన్నాడు. ఖాజా మొహిద్దీన్ తల దించుకుని, గుర్తు లేదన్నాడు. మిగిలింది సుందరమ్మ. జరిగింది జరిగినట్టు చెప్పింది.

అటువైపు వకీలు లేచాడు. "మీకూ మీ అన్నకీ ఆస్తి తగాదా ఉంది గదమ్మా?"

"లేదు. నా వాటా నేనే రాసిచ్చాను."

"అంటే ఆ కడుపుమంట ఉంది."

"లేదండీ."

"సైన్యంలో పనిచేశానని చెప్తున్నారు. ఎప్పుడన్నా తుపాకీ పేల్చారా?"

"లేదు."

"నర్సుగా చేశారు. అంతే గదా?"

"అంతే" అంది.

కేసు కొట్టేశారు. వరండాలో అందరూ ఒకరి చేతులొకరు పట్టుకుని నవ్వుకుంటుంటే, త్రికోటేశ్వరరావు భార్య రామాయమ్మ ఒక్కతే ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఏమనుకోమాక వదినా. ఆ ఊళ్ళో బతకాలి గదా మేం" అంది. "నేనూ ఆ ఊరే గదమ్మా" అంది సుందరమ్మ. సాయి కిరణ్ ఆమె పక్కనుంచే నడిచిపోయాడు. అత్తా అనలేదు, తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేదని ఆమె నాతో అంది.

ఆ తరవాతి సంగతిలో నేనూ ఉన్నాను.

ఈ ఏడాది జులైలో కార్గిల్ విజయ దినం చేయాలనుకున్నాం. నేనే వెళ్ళి సుందరమ్మను రమ్మని అడిగాను. మూడు సాయంత్రాలు కూర్చుని పైన రాసినవన్నీ చెప్పింది. పిల్లలకు ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు అని కాగితం మీద రాసుకుంది. బూట్ల సంగతి చెప్పొద్దని తనే కొట్టేసింది. నాఫ్తలీన్ వాసన కొడుతున్న యూనిఫాం బయటికి తీసి ఎండలో ఆరేసింది.

స్కూలు కమిటీ మీటింగులో త్రికోటేశ్వరరావు అన్నాడు, "ఆమె తప్ప ఎవురూ దొరకలేదా మాస్టారూ? ఇప్పుడిప్పుడే ఊరు చల్లబడింది." లక్ష్మీనారాయణ పక్కనే ఉన్నాడు. టీ తాగుతున్నాడు. హెడ్మాస్టరు నా వైపు చూశాడు. ఒక్క మాట అనొచ్చు నేను. త్రికోటేశ్వరరావు ఈ కుర్చీలో కూర్చోగలగడానికి కారణం ఎవరని అడగొచ్చు. అడగలేదు. సరేనన్నాను.

చెప్పడానికి వెళ్ళింది కూడా నేనే. గుమ్మంలో నిలబడి, ప్రోగ్రాం మారిందండీ అన్నాను. ఆమె నన్ను కూర్చోమనలేదు. "ఎవరన్నారు?" అని మాత్రం అడిగింది. ఇద్దరి పేర్లూ చెప్పాను. "మీరేమన్నారు?" అంది. నేను చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. దండెం మీది యూనిఫాం తీసి మడత పెట్టుకుంటూ లోపలికి పోయింది.

బెంగళూరులో మిలటరీ స్టోర్సులో పనిచేసి రిటైరైన ఒక హవల్దారును రొంపిచెర్ల నుంచి పిలిపించారు. తాను చూడని కొండల గురించి ఆయన చాలా బాగా మాట్లాడాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కోర్టు అయినాక కూడా ఆమె ఒక ఇంటికి మాత్రం రోజూ వెళ్ళేది. ఖాజా తల్లి ఆసియాకు షుగరు, అరికాల్లో పుండు. ఆమె వచ్చే వేళకు ఖాజా ఇంట్లోంచి తప్పుకునేవాడు. ఒంటిచేత్తో, రెండో చెయ్యి ఊతగా పెట్టుకుని, ఆ పుండు కడిగి కట్టు కట్టేది. కొడుకు కోర్టులో చెప్పినదానికి ముసలమ్మ ఏడుస్తుంటే, "కాలు కదిలించమాకు ఆసియమ్మా" అనేది. ఆగస్టులో ఇంటికి తాళం వేసి ఊరు వదిలి వెళ్ళిపోయేముందు రోజు కూడా ఆ కట్టు మార్చి, కట్టుగుడ్డల చుట్టలు పది అక్కడ పెట్టి, ఎట్లా మార్చాలో కోడలికి రెండుసార్లు చూపించింది.

ఇప్పుడు నరసరావుపేటలో ఒక చిన్న నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. పోయిన నెల పని మీద వెళ్ళి, ధైర్యం చేసి ఆ కాలేజీలోకి నడిచాను. క్షమించమని అడగాలని మాటలు పేర్చుకుని వెళ్ళాను. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు. చూడగానే, "ఆసియమ్మ కాలు ఎట్టా ఉంది?" అని అడిగింది.

"తీసేశారండీ. దసరా ముందు."

"మోకాలికి పైనా, కిందా?"

"పైన."

"కిందైతే పెట్టుడు కాలుతో కాస్త నడిచేది" అంది. బెల్లు కొట్టారు. బల్ల మీది కట్టుగుడ్డల డబ్బా తీసుకుని, వంకర చేత్తో దాన్ని ఒంటికి అదుముకుని, తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఖాజా ఏం చేస్తున్నాడు?"

"లక్ష్మీనారాయణ గారి ట్రాక్టరు నడుపుతున్నాడు."

తల ఊపి క్లాసులోకి వెళ్ళింది. నలభై మంది అమ్మాయిలు లేచి నిలబడ్డారు. నేను బస్టాండుకు వచ్చేశాను.